వాల్వు మార్చిన తరువాత కూడా సంఘం కావాలి



ఈ సంచికకు ఎండాకాలపు జాగ్రత్తల గురించి వ్రాయమని సంపాదకులు అడిగారు. గొడుగు, మజ్జిగ, కుండనీళ్ళ సంగతి మీకు మేము చెప్పనక్కరలేదు. అందుకు బదులుగా, చాలా రోజులుగా మా మనస్సులో ఉన్న ఒక విషయం వ్రాస్తామని అడిగితే వారు ఒప్పుకున్నారు. గుండె వాల్వు జబ్బు వచ్చిన సహోదరీ సహోదరులకు మన సంఘాలు చేస్తున్న సహాయం గురించి ఈ నాలుగు మాటలు. ఆ సహాయం చిన్నది కాదు. కానీ అది సగంలో ఆగిపోతున్నది. ఆగిపోవడంలో సంఘాల తప్పు కొంత, మా ఆసుపత్రి వారి తప్పు అంతకంటే ఎక్కువ. రెండూ దాచకుండా వ్రాయాలని మా ఉద్దేశం.

మా ఆసుపత్రికి పన్నెండు కిలోమీటర్ల దూరంలోని ఒక గ్రామ సంఘంలో ఒక సహోదరి ఉంది. ఆమె సంగతి వ్రాయవచ్చునా అని అడిగితే, "వ్రాయండి సిస్టరమ్మగారూ, పేరు మాత్రం వద్దు" అన్నది. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఆరు. ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో కుట్టు మిషను పెట్టుకొని జాకెట్లు, లంగాలు కుట్టేది. ఆదివారం క్వయర్‌లో ముందు వరుసలో నిలబడి పాడేది. 2022 వేసవిలో పాట మధ్యలో ఊపిరి అందక ఆగిపోవడం మొదలైంది. రక్తం తక్కువైంది అన్నారు ఒకరు. దిష్టి తగిలింది అన్నారు ఇంకొకరు. ఊరి ఆర్.ఎం.పి. గారు బలానికి సూదులు వేశారు. రాత్రి పడుకుంటే దగ్గు, ఆయాసం; లేచి గోడకు ఆనుకొని కూర్చుంటే కొంచెం నయం. ఆ సంగతి ఇంట్లో వాళ్ళు ఎవరికీ చెప్పలేదు, అడిగినవారూ లేరు. మూడు నెలల తరువాత కాళ్ళు వాచి మా ఓ.పి.కి వచ్చినప్పుడు డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి, వెంటనే ఎకో పరీక్షకు పంపారు. మైట్రల్ వాల్వు పాడైపోయిందని తేలింది.

గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి. రక్తం ముందుకు పోనిచ్చి వెనక్కి రానివ్వని తలుపులు అవి. రోజుకు సుమారు లక్ష సార్లు తెరుచుకొని మూసుకుంటాయి. ఎడమవైపు పై గదికి, క్రింది గదికి మధ్య ఉన్న దానిని మైట్రల్ వాల్వు అంటారు. బిషప్పుగారు పండుగ ఆరాధనలో తలమీద ధరించే మైటర్ ఆకారంలో ఉన్నదని పూర్వకాలపు వైద్యులు దానికి ఆ పేరు పెట్టారట. నర్సింగ్ విద్యార్థినులకు ఈ మాట చెబితే వాల్వు పేరు మళ్ళీ మరచిపోరు.

మన ప్రాంతంలో చిన్న వయస్సు వారికి ఈ వాల్వు పాడవడానికి ముఖ్య కారణం చిన్నప్పటి గొంతు నొప్పి. స్ట్రెప్టోకోకస్ అనే క్రిమి వల్ల వచ్చిన గొంతు నొప్పిని పట్టించుకోకపోతే, రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలకు జ్వరం, మోకాళ్ళు, చీలమండలు వాచి నొప్పులు వస్తాయి. దీనిని రుమాటిక్ ఫీవర్ అంటారు, కీళ్ళవాతపు జ్వరమని కూడా అంటారు. క్రిమి మీద పోరాడవలసిన మన శరీర శక్తి పొరపాటున మన కీళ్ళమీద, గుండెమీద పడడమే ఈ జబ్బు. కీళ్ళ నొప్పి పోతుంది. గుండె వాల్వుకు తగిలిన దెబ్బ మిగిలిపోతుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ దెబ్బ పెద్దదవుతుంది. ఇరుకు ఇళ్ళలో ఎక్కువ మంది కలిసి పడుకునే చోట, డాక్టరు దగ్గరకు త్వరగా పోలేని చోట ఇది ఎక్కువ. కాబట్టి ఇది పేదవారి జబ్బు. 2018లో ప్రపంచ ఆరోగ్య సభ ఈ జబ్బు మీద ప్రత్యేకంగా తీర్మానం చేయవలసి వచ్చిందంటే, అంతవరకు ఎంత అశ్రద్ధ జరిగిందో ఊహించుకోవచ్చు.

ఆ సహోదరి తల్లిని అడిగితే, "ఆరో తరగతిలో మోకాళ్ళ నొప్పులని నెల రోజులు బడికి పోలేదమ్మా, పసరు కట్టు కట్టించాం, తగ్గిపోయింది" అన్నది. తగ్గలేదు. లోపలికి పోయింది.

వాల్వు ఇరుకై, మెత్తగా ఉంటే కాలి దగ్గర రక్తనాళం గుండా బెలూను పంపి దానిని వెడల్పు చేస్తారు. జపాను దేశపు డాక్టరు కాంజి ఇనోయుయే 1980లలో ఈ పద్ధతి తెచ్చిన తరువాత ఎందరికో రొమ్ము కోయకుండానే బాగైంది. ఈమె వాల్వు గట్టిపడి, లీకు కూడా ఉండడం వల్ల బెలూను పనికిరాదన్నారు. మార్చవలసిందే. జంతు కణజాలంతో చేసిన వాల్వు పెడితే జీవితాంతం రక్తం పలుచన చేసే మాత్రలు అక్కరలేదు గాని, చిన్న వయస్సు వారిలో అది త్వరగా అరిగిపోయి మళ్ళీ ఆపరేషన్ కావలసి వస్తుంది. లోహపు వాల్వు చాలాకాలం మన్నుతుంది గాని, బ్రతికినంతకాలం మాత్ర మింగాలి. మన దేశంలోనే తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ వారు తయారుచేసిన లోహపు వాల్వును 1990లో మొదటిసారి మనిషికి అమర్చారు. దానివల్ల విదేశాల వాల్వుల ధర పెట్టలేని ఎందరో బ్రతికారు. ఈమెకు పట్నంలోని పెద్దాసుపత్రిలో లోహపు వాల్వే పెట్టారు.

ఇప్పుడు సంఘం చేసిన పని చెప్పాలి. 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ మొదలైన తరువాత, పథకం పేర్లు మారుతూ వచ్చినా, ఇటువంటి ఆపరేషన్ ఖర్చు కార్డు ఉన్న కుటుంబాల మీద పడడం లేదు. అయినా ప్రయాణాలు, తోడు ఉన్నవారి భోజనాలు, రక్తం, పోయిన కూలి, పిల్లలను చూసుకోవడం ఉన్నాయి కదా. సంఘమంతా కదిలింది. అయ్యగారు రెండు ఆదివారాలు ప్రత్యేక కానుక పట్టారు. స్త్రీల సమాజం వారు పిడికెడు బియ్యం డబ్బా తీసి అమ్మారు. యౌవనస్థులు ఎనిమిది మంది ఒక ఆటోలో, రెండు మోటారు సైకిళ్ళ మీద పోయి రక్తం ఇచ్చి వచ్చారు; వారిలో ముగ్గురు మన సంఘం వారు కారు, ఊరివాళ్ళు. పెద్ద కోడలు లేని ఇంట్లో ఇద్దరు పిల్లలకు నెల రోజులు అన్నం పెట్టింది పక్కింటి ముస్లిం తల్లి. ఆపరేషన్ జరిగిన రాత్రి గుడిలో లైట్లు తీయలేదు. ముప్ఫై ఏళ్ళకు పైగా నర్సు వృత్తిలో ఉన్న మాకు, ఇటువంటిది చూసినప్పుడల్లా మా అలసట తీరుతుంది.

ఆమె తిరిగి వచ్చిన తరువాత కృతజ్ఞత కూడిక పెట్టారు. మమ్మల్ని కూడా పిలిచారు. పులిహోర, లడ్డు పంచారు. ఆమె లేచి సాక్ష్యం చెప్పింది. అందరం కన్నీళ్ళు తుడుచుకొని ఇళ్ళకు పోయాము.

అక్కడితో అయిపోయిందనుకున్నాము. అసలు పని ఆ మరునాడు మొదలైంది.

లోహం మీద రక్తం గడ్డకడుతుంది. అది లోహపు గుణం, రక్తపు గుణం. అందుకే ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటి మాత్ర రోజూ ఒకే వేళకు మింగాలి. ఎక్కువైతే చిగుళ్ళ నుండి, మూత్రంలో, చివరకు మెదడులో రక్తం కారుతుంది. తక్కువైతే వాల్వు మీద గడ్డ కడుతుంది. ఎంత పలుచగా ఉన్నదో చూసే రక్తపరీక్షను ఐ.ఎన్.ఆర్. అంటారు. మామూలు మనిషికి సుమారు 1 ఉంటుంది. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు ఉన్నవారికి సాధారణంగా 2.5 నుండి 3.5 మధ్య ఉండాలి. నెలకొకసారి, మోతాదు మారితే ఇంకా ముందే, ఈ పరీక్ష చేయించాలి. ఇదంతా డిశ్చార్జి చీటీలో ఉంది. ఇంగ్లీషులో ఉంది.

మొదటి మూడు నెలలు ఆమె భర్త తీసుకొచ్చాడు. తరువాత కోతలు వచ్చాయి. మా దగ్గర పరీక్షకు వస్తే బస్సు ఛార్జీలు, పరీక్ష డబ్బులు, ఒక రోజు కూలి, మూడూ పోతాయి. ఆమె ఒంట్లో బాగానే ఉంది, మిషను తొక్కుతున్నది. అత్తగారు మాతో తరువాత అన్న మాట: "బాగున్న మనిషికి నెల నెలా రక్తం తీయించడం ఏమిటమ్మా అనుకున్నాం." దానికి తోడు ఒక గృహ ప్రార్థనలో, బయట నుండి వచ్చిన ఒక బోధకుడు, స్వస్థత పొందినవారు ఇంకా మాత్రలు మింగడం అవిశ్వాసమన్నాడట. ఆమెకు మాత్రలు పూర్తిగా మానడానికి ధైర్యం చాలలేదు. రోజు విడిచి రోజు వేసుకున్నది. నాలుగు నెలలు పరీక్ష లేదు.

2023 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదకొండు గంటలకు ఆమెను మా క్యాజువాలిటీకి తెచ్చారు. ఆయాసం, చల్లటి చెమట, మాట ముద్దగా వస్తున్నది, కుడి చెయ్యి లేవడం లేదు. లోహపు వాల్వు ఉన్నవారి దగ్గర నిశ్శబ్దంగా కూర్చుంటే గడియారం చప్పుడులాగా టిక్కు టిక్కుమని వినబడుతుంది. ఆమె పిల్లలు ఆ చప్పుడు వింటూ నిద్రపోయేవారట. ఆ రాత్రి డ్యూటీ డాక్టరుగారు స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విని, మా వైపు చూశారు. ఆ చప్పుడు లేదు. గడ్డ కట్టి వాల్వు ఆకు కదలడం మానేస్తున్నది. ఐ.ఎన్.ఆర్. 1.2 వచ్చింది.

ఆక్సిజన్ పెట్టి, ఒక స్టాఫ్ నర్సును తోడిచ్చి అంబులెన్సులో పట్నానికి పంపాము. అక్కడ రెండోసారి ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. ఆమె బ్రతికింది. మాట చాలావరకు వచ్చింది. కుడి చేతి వేళ్ళకు పట్టు పూర్తిగా రాలేదు. సూదిలో దారం ఎక్కించలేదు. కుట్టు మిషను అమ్మేశారు.

ఆ వారం మేము వారి అయ్యగారిని కలిశాము. కొంత కోపంగానే వెళ్ళామని ఒప్పుకుంటాము. ఆయన తల వంచుకొని, "అమ్మా, ఆపరేషన్‌తో అయిపోయిందనుకున్నాము. ఇంకా ఉన్నదని మాకెవరూ చెప్పలేదు" అన్నారు. మా కోపం అక్కడే దిగిపోయింది. నిజమే, ఎవరు చెప్పారు? కృతజ్ఞత కూడికలో మేమున్నాము. లడ్డు తిన్నాము. మైకు మా చేతికిచ్చి రెండు మాటలు చెప్పమన్నారు. దేవునికి స్తోత్రమని చెప్పి కూర్చున్నాము. నెలకొకసారి రక్తపరీక్ష తప్పకూడదని ఆ రోజు మైకులో ఒక్క మాట అని ఉంటే సంఘమంతా వినేది. మా ఆసుపత్రిలో వాల్వు రోగుల పేర్లు వ్రాసుకొనే రిజిస్టరు కూడా అప్పటికి లేదు. పరీక్షకు రాని మనిషి రాలేదని తెలుసుకొనే దారి మాకు లేదు. టీకాల పిల్లలకు ఉంది, క్షయ రోగులకు ఉంది, వీరికి లేదు. ఈ నేరం మాది.

ఇక మా అభిప్రాయానికి వస్తాము. ఆపరేషన్ ముందు పట్టే కానుకలో సగమైనా తరువాతి సంవత్సరాల కోసం ఉంచాలి. ఒక్కసారి ఇరవై వేలు పోగుచేయడం సంఘానికి కష్టం కాదని చూశాము. నెలకు మూడు నాలుగు వందలు, ఏళ్ళ తరబడి, ఎవరూ చప్పట్లు కొట్టకుండా ఇవ్వడమే కష్టం. కానీ రోగిని నిలబెట్టేది అదే. డబ్బు కంటే ముఖ్యం తోడు. పరీక్ష రోజున వెంట రావడానికి ఒక మనిషి, ఆ రోజు పిల్లలకు అన్నం పెట్టడానికి ఒక మనిషి, రాత్రి ఎనిమిదింటికి "మాత్ర వేసుకున్నావా అమ్మాయ్" అని అడగడానికి ఒక మనిషి. పక్షవాయువు గల మనిషిని ఇంటికప్పు తీసి దింపిన నలుగురు స్నేహితుల సంగతి సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆ నలుగురికి ఒక్క రోజు పని. మనకు నెల నెలా ఉంది.

కొందరు పెద్దలు అంటారు, ఇది భర్త పని, ఆసుపత్రి పని, ప్రభుత్వం పని, సంఘానికి ఎందుకని. భర్త పనే. కానీ కూలికి పోయే భర్త నెలకొక రోజు మానుకుంటే ఆ ఇంట్లో ఆ వారం కూర ఉండదు. ఆసుపత్రి పని కూడా నిజమే. అందుకే మా తప్పు ముందే వ్రాశాము. కానీ మేము రోగిని నెలకు అరగంట చూస్తాము. మిగతా రోజులన్నీ ఆమె మీ మధ్య ఉంటుంది.

విశ్వాసం సంగతి కూడా సూటిగా చెప్పాలి. ప్రార్థనతో పుట్టిన ఆసుపత్రి మాది. ప్రతి ఉదయం వార్డులో ప్రార్థన చేసే మందుల ట్రాలీ కదిలిస్తాము. ప్రార్థనకు, మాత్రకు పోటీ పెట్టినవారు మా దగ్గరికి శవాలను పంపుతున్నారు. ఇంతకంటే మెత్తగా వ్రాయలేము. "మందులు మానేశాను" అనే సాక్ష్యం ఎవరైనా చెప్పబోతే, దయచేసి అయ్యగార్లు, ఉపదేశులు అక్కడే ఆపి, డాక్టరు మానమన్నారా అని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న వెనుక బెంచీలో కూర్చున్న ఇంకో రోగిని కాపాడవచ్చు.

సహాయం చేసేవారికి కూడా ఒక మనవి. ఈ సహోదరి మాతో ఒకసారి అన్నది: "నా జబ్బు గురించి ప్రతి వారం మైకులో చెబుతుంటే, బజారులో అందరూ నా రొమ్ము మీద గాటు వైపు చూసేవారు." సంఘం ప్రేమతోనే చెప్పింది. కానీ ఆమెను అడగలేదు. ఏ సంగతి చెప్పవచ్చు, ఏది వద్దు అని రోగిని ముందు అడగండి. ఆమెను చూడటానికి పోయి, వాల్వు ఆపరేషన్ తరువాత ఎవరెవరు చనిపోయారో లెక్క చెప్పే బంధువులు కూడా ఉన్నారు. వారిని గుమ్మం దగ్గరే కాఫీ ఇచ్చి పంపించాలి.

తినడం గురించి ఎన్నో మాటలు చెబుతుంటారు. ఆకుకూరల్లో ఉండే విటమిన్ కె ఈ మాత్రల పని తగ్గిస్తుంది. అందుకని గోంగూర, తోటకూర, మునగాకు పూర్తిగా మానిపించనక్కరలేదు. వారానికి ఎంత తినేవారో అంతే తింటూ ఉండాలి. ఒక వారం అసలు లేకుండా, తరువాతి వారం మూడు పూటలా గోంగూర పచ్చడి అంటేనే ఇబ్బంది. పథ్యం పేరుతో వట్టి చారన్నం పెట్టిన ఇళ్ళు చూశాము. ఆ మనిషి నీరసించి పోతుంది. అసలు భయపడవలసింది కూరకు కాదు, మందుల షాపుకు. ఒళ్ళు నొప్పులకని డైక్లోఫెనాక్, బ్రూఫెన్, విరేచనాలకని మెట్రోనిడజోల్ మాత్రలు అడిగి కొనుక్కొని వేసుకుంటే రక్తం కారే ప్రమాదం పెరుగుతుంది. ఏ డాక్టరు దగ్గరకు పోయినా, పన్ను తీయించుకోవడానికి పోయినా, "నాకు లోహపు వాల్వు ఉంది, రక్తం పలుచన చేసే మాత్ర వాడుతున్నాను" అని ముందే చెప్పాలి. పన్ను తీయించుకొనే ముందు ఇటువంటివారికి యాంటీబయాటిక్ మాత్ర ఇవ్వాలి. పుచ్చిన పళ్ళను వదిలేయకూడదు. అక్కడి క్రిములు రక్తంలో చేరి వాల్వు మీద కూర్చుంటాయి.

ఇంకో మాట. "మా చిన్నాన్నకు రక్తపరీక్ష అక్కరలేని కొత్త మాత్ర ఇచ్చారు, అది వేసుకో" అని సలహా ఇస్తున్నారు. ఆ కొత్త మాత్రలు వేరే జబ్బుల వారికి మంచివే. లోహపు వాల్వు ఉన్నవారికి పనికిరావు. అటువంటి ఒక మాత్రను లోహపు వాల్వుల వారిమీద పరీక్షించి, గడ్డలు, రక్తస్రావం రెండూ ఎక్కువైనందున ఆ పరిశోధనను మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఒకరి మాత్ర ఒకరు వేసుకోవద్దు.

ఆడపిల్లల విషయంలో తల్లిదండ్రులకు చెప్పవలసినది ఉంది. వాల్వు జబ్బు దాచి పెండ్లి చేయడం మనలో ఉంది. ఎందుకు దాస్తారో మాకు తెలుసు. తెలిస్తే సంబంధం రాదు. కానీ గర్భిణీకి రక్తం దాదాపు సగం వంతు పెరుగుతుంది. ఇరుకైన వాల్వు ఆ బరువు మోయలేదు. లోహపు వాల్వు ఉన్నవారికి ఇంకో చిక్కు ఉంది: మొదటి నెలల్లో ఆ మాత్ర బిడ్డకు హాని చేయవచ్చు, మాత్ర మానితే తల్లి వాల్వు గడ్డకట్టవచ్చు. మందు ఎప్పుడు ఎలా మార్చాలో గుండె డాక్టరు, కాన్పుల డాక్టరు కలిసి, గర్భం రాకముందే చూడాలి. దాచిపెట్టిన ఇంట్లో ఇది ఎలా జరుగుతుంది? నిశ్చితార్థానికి ముందు అయ్యగారి ఎదుట రెండు కుటుంబాలు కూర్చొని మాట్లాడుకున్న పెండ్లిళ్ళు రెండు మా ఎరుకలో ఉన్నాయి. ఒక సంబంధం తప్పిపోయింది. రెండవ అమ్మాయి కాన్పుకు మా దగ్గర చీటీ తీసుకొని పట్నం పోయి, బిడ్డతో వచ్చింది. తప్పిపోయిన సంబంధం గురించి ఆ అమ్మాయి ఏడ్చిన మాట నిజం. అయినా మా అభిప్రాయం మారలేదు.

పిల్లల సంగతితో ముగిస్తాము, ఎందుకంటే అసలు ఈ ఆపరేషన్లు తప్పించగలిగేది అక్కడే. ఒకసారి రుమాటిక్ ఫీవర్ వచ్చిన పిల్లలకు అది మళ్ళీ రాకుండా మూడు వారాలకొకసారి బెంజథిన్ పెనిసిలిన్ సూది వేయాలి. గుండె దెబ్బతినని వారికి కనీసం అయిదేళ్ళు లేదా ఇరవై ఒకటవ ఏడు వరకు, దెబ్బతిన్న వారికి పదేళ్ళు, కొందరికి నలభై ఏళ్ళ వయస్సు వరకు. ఉగాండా దేశంలో 818 మంది పిల్లల మీద చేసిన పరిశోధన 2021లో వెలువడింది. జబ్బు పైకి కనిపించకుండా ఎకోలో మాత్రమే కనిపించిన పిల్లలు వారు. రెండేళ్ళలో సూది వేయించుకున్న సగం మందిలో ముగ్గురికి మాత్రమే జబ్బు ముదిరింది. వేయించుకోని సగంలో 33 మందికి ముదిరింది. ఈ సూది ఖరీదు చాలా తక్కువ. నొప్పి మాత్రం ఎక్కువ. మా దగ్గరకు వచ్చే పన్నెండేళ్ళ బాబు ఒకడు సూది రోజున గుడి వెనుక చింతచెట్టు ఎక్కి కూర్చునేవాడు. వాళ్ళ సండే స్కూలు టీచరుగారు క్యాలెండరులో ఎర్రసిరాతో ఆ తేదీలు గీసి, ముందు రోజు ఏమీ చెప్పకుండా, ఆ రోజు సైకిలు మీద ఎక్కించుకొని వస్తారు. తిరుగు దారిలో బజ్జీలు. రెండేళ్ళుగా ఒక్క సూది తప్పలేదు. ఆ టీచరుగారికి వైద్యం తెలియదు, తేదీ మాత్రం తప్పనివ్వరు.

రియాక్షను భయంతో చాలాచోట్ల ఈ సూది వేయడానికి నర్సులు, డాక్టర్లు వెనుకాడుతున్నారు. భయం అర్థం చేసుకోదగినదే, కానీ నిజమైన పెనిసిలిన్ రియాక్షను అరుదు. ఖాళీ కడుపుతో రాకుండా, పడుకోబెట్టి వేసి, అరగంట కూర్చోబెట్టి పంపిస్తాము. గుండె బాగా బలహీనపడినవారికి సూది బదులు నోటి మాత్రలే మంచివని 2022లో అమెరికా హార్ట్ అసోసియేషన్ సూచించింది. కాబట్టి ఎవరికి సూది, ఎవరికి మాత్ర అనేది డాక్టరుగారు నిర్ణయిస్తారు.

ఆ సహోదరి ఇప్పుడు ప్రతి నెల రెండవ మంగళవారం వస్తున్నది. స్త్రీల సమాజంలో ఆరుగురు వంతులు వేసుకొని ఆమె వెంట వస్తున్నారు. బస్సు ఛార్జీ సమాజం వారిది, పరీక్ష డబ్బులు మా ఆసుపత్రి పేదల నిధి నుండి. వెంట వచ్చిన వారికి కూడా బి.పి. చూసి పంపుతున్నాము, ఆరుగురిలో ఇద్దరికి బి.పి. ఉన్నదని అలా బయటపడింది. పోయిన క్రిస్మస్‌కు ఆమె క్వయర్‌లో కుర్చీ వేసుకొని కూర్చొని పాడింది. కుట్టుపని లేదు కాబట్టి చిన్న కిరాణా కొట్టు పెట్టించే ఆలోచనలో సంఘం వారు ఉన్నారు.

వాల్వు రోగుల రిజిస్టరు ఓ.పి.లో మందుల కౌంటరు ప్రక్కన ఉంచాము. మీ సంఘంలో వాల్వు ఆపరేషన్ లేదా బెలూను అయినవారు, పెనిసిలిన్ సూదులు వాడే పిల్లలు ఉంటే, వారి అనుమతితో పేరు, వెంట వచ్చేవారి పేరు, ఫోను నెంబరు వ్రాయించండి. తేదీ తప్పితే మేమే ఫోను చేస్తాము. డిశ్చార్జి చీటీ ఇంగ్లీషులో ఉంటే తీసుకొని రండి. మధ్యాహ్నం రెండు గంటల తరువాత ఏ సిస్టరును అడిగినా తెలుగులో వ్రాసి ఇస్తారు.